బావగారి కొట్టుకు మా సంఘం డబ్బు ఇవ్వాలా?

ప్రశ్న: మాది చెన్నైలోని పెరంబూరు. మావారు రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. మా వీధుల్లో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. మహిళలం కలిసి నడుపుకుంటున్న పొదుపు, పరపతి సహకార సంఘానికి నేను కార్యదర్శిని. రిజిస్టరైన సంఘమే. సభ్యులు సుమారు రెండు వందల మంది. పక్క వీధిలో ఒక సహకార సరుకుల కొట్టు ఉంది, దాని అధ్యక్షులు మా బావగారు. ఇంకో సందులో తమిళ సోదరీమణుల కుట్టు సంఘం ఉంది. వాళ్లు ప్రభుత్వ బడి పిల్లల యూనిఫాంలు కుడతారు. ఈ మధ్య మా ప్రాంతపు పెద్దమనిషి ఒకరు మూడు సంఘాలనూ కలిపి సమాఖ్య పెడదామనీ, తలా రెండు లక్షలు వేసి ఉమ్మడి ఖాతా తెరుద్దామనీ అంటున్నారు. అది తేలకముందే బావగారు కొట్టులో సరుకు నింపడానికి మా సంఘాన్ని మూడు లక్షలు అప్పు అడిగారు. కొట్టుకు బయటినుంచి రెండున్నర లక్షల అరువులు వసూలు కావాలి, అందులో సగం మా సభ్యుల బాకీలే. కుట్టు సంఘం వాళ్లేమో ‘మీలో ఒక్కరూ మా దగ్గర జాకెట్టు కుట్టించరు, సమాఖ్య మాత్రం కావాలా’ అని ఎత్తిపొడిచారు. అప్పు ఇవ్వకపోతే ఇంట్లో గొడవ, ఇస్తే సంఘంలో గొడవ. అందరం కలిసి వీధికి ఏదైనా మేలు చేయాలని నాకూ ఉంది. ఎలా మొదలుపెట్టాలి?
– ఒక కార్యదర్శి, పెరంబూరు

సమాధానం:

అమ్మా,

మూడు లక్షలు ఇవ్వకండి. సమాఖ్య ఖాతాలో రెండు లక్షలూ ఇప్పుడు వేయకండి. అలాగని కొట్టును దాని ఖర్మకు వదిలేయమని నేను అనడం లేదు. మూడు సంఘాలూ ఒకదానికొకటి ఎలా అక్కరకు రాగలవో మీ ఉత్తరంలోనే ఉంది. అయితే మీరు దాన్ని ఫిర్యాదుల రూపంలో రాశారు. కొట్టు బాకీల్లో సగం మీ సభ్యులవి అన్నారు, కుట్టు సంఘం దగ్గర ఎవరూ కుట్టించరు అన్నారు. పని మొదలుపెట్టవలసింది ఈ రెండు చోట్లే. చేతులు కలపండి, గల్లాపెట్టెలు కలపకండి. ఇక మిగిలిన ఉత్తరమంతా ఆ మాటకు వివరణే.

ముందు అప్పు సంగతి. మీ సంఘంలో ఉన్న డబ్బు ఇళ్లలో పనిచేసే ఆమెది, పొద్దున్నే ఇడ్లీలు వేసి అమ్మే ఆమెది. నెలనెలా కట్టి రశీదు దాచుకున్నవాళ్లది. పిల్ల కాలేజీ ఫీజు కోసం వాళ్లలో ఒకామె అప్పు అడిగిన రోజున, ‘నీ డబ్బు ప్రస్తుతం మా బావగారి కొట్టులో కందిపప్పుగా ఉందమ్మా’ అని చెప్పగలరా? ఇది నీతికి సంబంధించిన విషయం మాత్రమే కాదు, చట్టానికీ సంబంధించినది. మన దేశంలో 1912 నాటి సహకార సంఘాల చట్టం నుంచే ఒక కట్టుబాటు ఉంది. సంఘం తన సభ్యులకు తప్ప ఇతరులకు అప్పు ఇవ్వకూడదు. మరో రిజిస్టర్డ్ సంఘానికి ఇవ్వాలంటే రిజిస్ట్రారు అనుమతి కావాలి. మీకు వర్తించేది 1983 నాటి తమిళనాడు చట్టం, దానితోపాటు మీ సంఘం నిబంధనావళి. ఆ రెండూ చూడకుండా, అనుమతి లేకుండా కమిటీ చేతులెత్తి ఇచ్చేస్తే రేపు ఆడిటర్ వేలు చూపించేది బావగారి వైపు కాదు, కార్యదర్శిగా సంతకం పెట్టిన మీ వైపు.

మరి కొట్టు సంగతి? నేను చాలాకాలం సహకార సంఘాల లెక్కలు చూసిన మనిషిని. మీరు రాసిన రెండు అంకెలు పక్కపక్కన పెట్టగానే ఒక విషయం తెలిసిపోతోంది. కొట్టుకు కావలసింది మూడు లక్షలు. బయట నిలిచింది రెండున్నర లక్షలు. అంటే కొట్టుకు పెట్టుబడి లేకపోలేదు, అది అరువుల పుస్తకంలో ఇరుక్కుని ఉంది. మీరు కొత్తగా మూడు లక్షలు పోస్తే అదీ ఆరేడు నెలల్లో అదే పుస్తకంలోకి చేరుతుంది. చిల్లికుండలో నీళ్లు పోయడమే అవుతుంది.

ఇది మీ కొట్టు ఒక్కదానికే వచ్చిన తెగులు కాదు. సహకార కొట్లకు మూలపురుషులని అందరూ చెప్పుకునే ఇంగ్లండులోని రాచ్‌డేల్ నేత కార్మికులు 1844లో కొట్టు తెరిచినప్పుడు అమ్మింది పిండి, వెన్న, చక్కెర, ఓట్స్ నూక, కొవ్వొత్తుల వంటి కొద్దిపాటి సరుకులు. వాళ్లు పెట్టుకున్న గట్టి నియమాల్లో ఒకటి రొక్కం ఇచ్చినవారికే సరుకు. వాళ్లేమీ ఉన్నవాళ్లు కారు. వారం కూలితో బతికేవాళ్లే. అయినా అరువు వద్దన్నారు, ఎందుకంటే అరువు మీద నడిచిన కొట్లు మూతపడటం వాళ్లు చూశారు. వాళ్లను చూసే మన చెన్నైలో 1904లో ట్రిప్లికేన్ పట్టణ సహకార సంఘం పుట్టింది. ఆ కాలపు విద్యావేత్త వి.ఎస్. శ్రీనివాస శాస్త్రి వంటివారు దాని స్థాపకుల్లో ఉన్నారు. నూరేళ్లు దాటినా అది ఇంకా నడుస్తోంది, రేషన్ దుకాణాలు కూడా నడుపుతోంది. మీ ఊళ్లోనే ఇంత పాత ఉదాహరణ ఉండగా కొట్టు నడపడం మనవల్ల కాదని ఎవరైనా అంటే నేను నమ్మను.

ఇప్పుడు మీరు చేయగలిగింది చెబుతాను. అరువు ఇవ్వడం కొట్టు పని కాదు. దానికి జామీను అడగడం రాదు, వాయిదా కట్టించుకోవడం రాదు, మొహమాటం మాత్రం బాగా వచ్చు. అప్పు ఇచ్చి వసూలు చేయడం మీ సంఘం పని. ఆ పనికే మీరు పుట్టారు. కాబట్టి కొట్టుకు బాకీ పడ్డ మీ సభ్యుల్లో ఎవరికి అర్హత ఉందో వారికి మీ నిబంధనల ప్రకారమే చిన్న అప్పు మంజూరు చేయండి. జామీను, వాయిదా, వడ్డీ అన్నీ మామూలుగానే. ఆ డబ్బు ఆమె చేతికి కాకుండా ఆమె రాతపూర్వక అంగీకారంతో నేరుగా కొట్టు ఖాతాకు చెక్కు ద్వారా వెళ్లాలి. కొట్టు ‘బాకీ పూర్తిగా చెల్లు’ అని రశీదు ఇవ్వాలి. సంఘం సంఘానికి అప్పు ఇచ్చినట్టు కాలేదు, సభ్యురాలికి ఇచ్చినట్టయింది. అది మీరు రోజూ చేసే పనే. బావగారికి లక్షో లక్షా పాతికవేలో రొక్కం తిరిగి వస్తుంది, దానిమీద ఆయన వడ్డీ కట్టనక్కర్లేదు. సభ్యురాలికి కొట్టులో తలెత్తుకుని నిలబడే వీలు కలుగుతుంది. ఈ చివరిది చిన్న విషయం కాదు. బాకీ ఉన్న మనిషి ఆ కొట్టు ముందునుంచి నడవలేక పక్క సందులో తిరిగి ఇంకో కొట్టులో రొక్కానికి కొంటుంది. ఇది ఏ వీధిలోనైనా చూడవచ్చు. అరువు వల్ల కొట్టు డబ్బుతోపాటు ఖాతాదారును కూడా పోగొట్టుకుంటుంది.

ఇందులో మూడు జాగ్రత్తలు ఉన్నాయి. మొదటిది, మీరు ఒక్క రూపాయి మంజూరు చేయకముందే కొట్టు పాలకవర్గం ‘ఫలానా తేదీ నుంచి అరువు లేదు’ అని తీర్మానం చేసి గోడమీద తెలుగులోనూ తమిళంలోనూ అంటించాలి. ఆ తీర్మానం నకలు మీ ఫైల్లో ఉండాలి. రెండోది, బాకీదారులందరినీ ఒకే గాటన కట్టకండి. ఒంట్లో బాగాలేక, పని పోయి ఆగిపోయినవారు వేరు, కట్టగలిగీ కట్టనివారు వేరు. కొట్టుకు ఎగ్గొట్టిన మనిషి మీకూ ఎగ్గొడుతుంది. అలాంటి బాకీని మీ పుస్తకంలోకి ఎత్తుకోకండి, అది కొట్టు తలనొప్పి, కొట్టే వసూలు చేసుకోవాలి. మూడోది కాస్త ఇబ్బందికరమైనది. ఆ అరువుల పుస్తకం తెప్పించి చూసినప్పుడు అందులో మీ ఇంటివాళ్ల పేర్లు, కమిటీ సభ్యుల పేర్లు, బావగారి సొంత వాడకం కనిపించే అవకాశం ఉంది. కొట్టుల పుస్తకాల్లో మొదటి పేజీల్లో తరచు అవే ఉంటాయి! ముందు అవి తీరాలి. అవి తీరకుండా ఇడ్లీల ఆమెను బాకీ కట్టమనే ముఖం ఎవరికీ ఉండదు.

బాకీ తీరాక కొట్టు అల్మారాలు నిండాలి కదా. దానికి ముందస్తు ఆర్డరు పద్ధతి మంచిది. మీ సంఘంలో పొదుపు కట్టే రోజు ఒకటుంటుంది. ఆ రోజే కొట్టు మనిషి ఒకరు వచ్చి కూర్చోవాలి. నెలకు కావలసిన బియ్యం, పప్పు, నూనె, చింతపండు, మిరపకాయలు – ఈ నాలుగైదింటికి మాత్రమే – ఇష్టమున్న సభ్యులు ఎవరి డబ్బు వాళ్లు కట్టి రశీదు తీసుకుంటారు. ఆ రొక్కంతో కొట్టు టోకున కొంటుంది. బియ్యానికి రెడ్‌హిల్స్ మిల్లులున్నాయి. పప్పులకు, దినుసులకు కొత్తవాల్ చావడి చుట్టుపక్కల వ్యాపారులున్నారు. చెప్పిన రోజుకు మూటలు సిద్ధం. అమ్ముడుపోతుందో లేదోనన్న భయం లేకుండా కొనడం వల్ల కొట్టుకు ధర కలిసివస్తుంది, దానిలో కొంత సభ్యులకు తగ్గించవచ్చు. మీ సంఘం డబ్బు ఒక్క పైసా కదలదు. ఒకవేళ కొట్టు మాట తప్పినా ఒక్కొక్కరికి పోయేది ఒక నెల సరుకు డబ్బు, సంఘం నిలువునా మునగదు. మొదటి రెండు మూడు నెలలు బియ్యం ఒక్కదానితోనే చూడండి. కూరగాయల జోలికి మాత్రం అప్పుడే వెళ్లకండి. కోయంబేడు నుంచి తెచ్చిన టమాటా మధ్యాహ్నానికి మెత్తబడితే ఆ నష్టం ఎవరిదన్న తగువు తీర్చడం మీవల్లా నావల్లా కాదు.

ఇక కుట్టు సంఘం. వాళ్లు ఎత్తిపొడిచారని బాధపడ్డారు. నాకైతే మొత్తం ఉత్తరంలో అందరికంటే సూటిగా మాట్లాడింది వాళ్లే అనిపించింది. పక్కనే ఉన్న ఆడవాళ్ల కష్టాన్ని కొనని మనం వాళ్లతో కలిసి దీపం వెలిగిస్తామంటే ఎవరికి నచ్చుతుంది? యూనిఫాంల పని ఏడాది పొడుగునా ఒకేలా ఉండదు. పని వచ్చిన నెలల్లో మిషన్లు రాత్రీ పగలూ తిరుగుతాయి, తర్వాత ఖాళీగా ఉంటాయి. ఆ ఖాళీ నెలలు మీకు తెలియాలి. వెళ్లి అడగండి. ప్రైవేటు బళ్లలో చదివే మీ పిల్లల యూనిఫాంలు, దీపావళికి లంగాలు, జాకెట్లు, పెళ్లిళ్ల సీజనులో ఫాల్సు కుట్టడం, ఇవన్నీ ఇప్పుడు ఎక్కడ ఇస్తున్నారో మీ సభ్యులను అడిగితే నెలకు ఎంత పని బయటికి పోతోందో తెలుస్తుంది. అంత పనీ వాళ్లకే ఇమ్మని నేననను. జాకెట్టు కుట్టు విషయంలో ఆడవాళ్లకు సహకార సిద్ధాంతం కంటే సరిగ్గా అమరడమే ముఖ్యమని నాకు తెలుసు. ఒకరిద్దరు ముందు కుట్టించి చూడండి. బాగుంటే మాట దానంతట అదే పాకుతుంది.

కొట్టుకూ వాళ్లకూ మధ్య మాత్రం వెంటనే ఒక పని పుట్టించవచ్చు. తమిళనాడులో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సంచులను 2019 జనవరి 1 నుంచి నిషేధించారు. 2021 డిసెంబరులో ప్రభుత్వం ‘మీండుం మంజప్పై’ పేరుతో పసుపు గుడ్డసంచిని మళ్లీ వాడుకలోకి తేవాలని ప్రచారం మొదలుపెట్టింది. ఒకప్పుడు పెళ్లిళ్లలో తాంబూలం ఇచ్చిన ఆ పసుపు సంచి మీ ఇంట్లోనూ ఒకటి ఉండే ఉంటుంది. మీ కొట్టుకు సంచులు కావాలి, వాళ్ల దగ్గర మిషన్లున్నాయి, కత్తిరించగా మిగిలిన గుడ్డా ఉంటుంది. అయితే ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ‘మనవాళ్లే కదా’ అని ధర తగ్గించమనకండి. సంచికి ఎంత, ఏ కొలత, ఎన్ని, ఏ తేదీకి, డబ్బు ఎప్పుడు – అన్నీ కాగితం మీద ఉండాలి. సంఘాల మధ్య స్నేహం చెడగొట్టడంలో అప్పుకు తర్వాతి స్థానం ఈ ‘మనవాళ్లే కదా’ అన్న మాటదే. డబ్బు చెప్పిన రోజుకు ఇవ్వండి, ఒక రోజు ముందే ఇస్తే మరీ మంచిది.

సమాఖ్య గురించి ఇప్పుడు. ఐక్యరాజ్యసమితి 2025ను అంతర్జాతీయ సహకార సంవత్సరంగా ప్రకటించింది. అలాంటి సందర్భాల చుట్టూ బ్యానర్లు కట్టించే ఉత్సాహం చాలామంది పెద్దమనుషులకు వస్తుంది. మీ పెద్దమనిషి ఉద్దేశం మంచిదే కావచ్చు. సహకార సంఘాలు ఒకదానితో ఒకటి సహకరించుకోవాలన్నది అంతర్జాతీయంగా ఒప్పుకున్న సూత్రమే. అంతర్జాతీయ సహకార కూటమి దాన్ని 1966లో తన సూత్రాల్లో చేర్చుకుంది. చుట్టూ ఉన్న సమాజం పట్ల బాధ్యత అన్నది 1995లో వచ్చింది. కానీ ఆయన వరుస తలకిందులు చేశారు. ఏ ఒక్క సంఘంవల్లా కాని పని ఒకటి ముందు కళ్లెదుట ఉండాలి. దాన్ని చేయడానికి సమాఖ్య పుట్టాలి. ఖాతా తెరిచి, రెండేసి లక్షలు వేసి, ఆ తర్వాత ‘ఇప్పుడేం చేద్దాం’ అని కూర్చుంటే ఆ డబ్బు వార్షికోత్సవాలకూ శాలువలకూ అయిపోతుంది.

రాచ్‌డేల్ కొట్టు 1844లో మొదలైతే, ఇంగ్లండు ఉత్తర ప్రాంతపు సహకార కొట్లు కలిసి టోకు కొనుగోలుకు ఉమ్మడి సంఘం పెట్టుకున్నది 1863లో. అప్పటికి కొట్లు వందల్లో ఉన్నాయి. ఒక్కొక్కటీ టోకు వ్యాపారి ముందు తేలిపోతున్నాయి. అందుకే కలిశాయి. మన తెలుగు ప్రాంతంలోనే ములుకనూరు చూడండి. అక్కడి మహిళా డెయిరీ ఎలా ఏర్పడిందో తెలుసా? ఊరికొక పాల సంఘం పాలు సేకరిస్తుంది. పాలు చల్లార్చి, శుద్ధిచేసి, ప్యాకెట్లలో ‘స్వకృషి’ పేరుతో అమ్మడం ఏ ఊరి సంఘానికీ ఒంటరిగా సాధ్యం కాదు. ఆ పనికోసం సంఘాలు కలిసి డెయిరీ యూనియన్ పెట్టుకున్నాయి. ఊరి సంఘం లెక్క ఊరిదే, డెయిరీ లెక్క డెయిరీదే. మీ ముగ్గురికీ అలాంటి పని – ఒక ఉమ్మడి గిడ్డంగి కావచ్చు, మరొకటి కావచ్చు – ఏదైనా ఎదురైతే అప్పుడు సమాఖ్య మాట ఎత్తండి. పైగా మీవి మూడు రకాల సంఘాలు. కుట్టు సంఘం వంటి పారిశ్రామిక సహకార సంఘాల పర్యవేక్షణ మరో శాఖ వైపు ఉండవచ్చు. మీదీ కొట్టుదీ సహకార శాఖ కిందికి వస్తాయి. రెండు శాఖల మధ్య ఫైలు తిరగడమంటే ఏమిటో మీవారిని అడగమని నేను చెప్పకుండానే మీకు తెలుసు, రైల్వే కుటుంబం కదా.

డబ్బు కలిపితే ఏమవుతుందన్నదానికి పెద్ద ఉదాహరణ స్పెయిన్‌లో ఉంది. బాస్క్ ప్రాంతంలోని మోండ్రగాన్‌లో 1956లో స్టౌలు చేసే చిన్న కార్మిక సహకార కార్ఖానా పెట్టారు. 1959లో తమకోసం ఒక సహకార బ్యాంకు పెట్టుకున్నారు. తర్వాత పదులకొద్దీ సంఘాలు పుట్టాయి. ప్రపంచమంతా వెళ్లి చూసొచ్చే చోటయింది. అక్కడి సంఘాలు కష్టంలో ఉన్న సంఘానికి నిధులు సర్దడం ఆనవాయితీ. గృహోపకరణాలు చేసే ఫాగోర్ నష్టాల్లో పడ్డప్పుడు మిగతావాళ్లు డబ్బు సర్దారు, మళ్లీ సర్దారు. 2013లో ఇక మావల్ల కాదన్నారు. ఫాగోర్ దివాలా తీసింది, సర్దిన డబ్బూ మునిగింది. అయితే కథలో రెండో సగం కూడా ఉంది. పని పోయిన సభ్యుల్లో చాలామందిని ఆ చుట్టుపక్కల సంఘాలే తమ దగ్గర పనిలోకి తీసుకున్నాయి. డబ్బుతో కాపాడలేకపోయినా పని ఇచ్చి చాలామందిని నిలబెట్టగలిగారు. అంత బలమైన సంఘాలే చేతులెత్తేసిన చోట, మీ రెండు వందల మంది పొదుపు ఏపాటిది?

ఇక అన్నిటికంటే కష్టమైనది: బావగారితో మాట్లాడటం. మీరు దీని గురించి ఒక్క వాక్యమే రాశారు కానీ, ఉత్తరమంతా దీనికోసమే రాశారని నాకు తెలుసు.

ఈ విషయం మీవారి ద్వారా చెప్పించకండి. అన్నదమ్ముల మధ్య మాట పెడితే అది సంఘం విషయంగా మిగలదు, పాత పొలం, పెళ్లి ఖర్చు అన్నీ పైకి వస్తాయి. పండగ భోజనం దగ్గర అసలే ఎత్తకండి. పగటిపూట, కొట్టు దగ్గరికే, మీ కోశాధికారిని వెంటబెట్టుకుని వెళ్లండి. వంటింట్లో ఆయన బావగారు, కొట్టులో అధ్యక్షులు. రెండో హోదాలో ఉన్నప్పుడే మాట్లాడాలి. ఉత్తచేతులతో వెళ్లి ‘ఇవ్వలేము’ అనకండి. ‘బావగారూ, మూడు లక్షల అప్పుకు రిజిస్ట్రారు అనుమతి కావాలి, అది ఎప్పుడొస్తుందో తెలియదు. మీకు బయట నిలిచిన దానిలో మా సభ్యుల వాటా రాబట్టే మార్గం ఒకటి తెచ్చాం, చూడండి’ అని కాగితం ముందు పెట్టండి. ఆయనకు కోపం రావచ్చు. ముఖ్యంగా అరువు ఆపాలన్నప్పుడు వస్తుంది. ‘ముప్పై ఏళ్లుగా వాడుకగా వస్తున్న మనిషికి లేదని ఎలా చెప్పను?’ అంటారు. దానికి మంచి సమాధానం ఉంది: ‘మీరు చెప్పనక్కర్లేదు, మా సంఘానికి పంపండి, అప్పు మేమిస్తాం’. ఆయన మొహమాటం మీరు భుజాన వేసుకుంటున్నారన్నమాట. నా అంచనాలో ఆయనకు మూడు లక్షలకంటే ఇదే ఎక్కువ ఊరట. కొట్టు అధ్యక్షుడిగా ఇన్నేళ్లు చుట్టాలకూ స్నేహితులకూ కాదనలేకనే కదా ఇక్కడిదాకా వచ్చింది.

మీ కమిటీలో మాత్రం ఇంకో పని చేయాలి. కొట్టు అధ్యక్షుడు మీకు దగ్గరి బంధువు. కాబట్టి కొట్టుకు సంబంధించిన ఏ అంశం చర్చకు వచ్చినా మీరు లేచి బయట కూర్చోండి. ‘కార్యదర్శి బంధుత్వం కారణంగా చర్చలోనూ ఓటింగులోనూ పాల్గొనలేదు’ అని మినిట్స్ పుస్తకంలో రాయించండి. ఆ సమావేశాన్ని కోశాధికారి నడిపించాలి. ఇది ఇంట్లోనూ మీకు రక్ష. అయితే దాన్ని సాకుగా వాడుకోకండి. ‘నాకేం తెలియదు, వాళ్లే వద్దన్నారు’ అని తప్పించుకుంటే బావగారు నమ్మరు, నమ్మినా మీమీద గౌరవం పోతుంది. మీ అభిప్రాయం అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి.

పెద్దమనిషికి కూడా ఒక దారి చూపించాలి, లేకపోతే ఆయన అలిగి మూడు సంఘాల్లోనూ చీలికలు తెస్తారు. నెలకోసారి ఒక్కో సంఘం నుంచి ఇద్దరేసి చొప్పున ఆరుగురు కూర్చునే ఏర్పాటు చేయండి, ఆయన్నూ పిలవండి. బ్యాంకు ఖాతా వద్దు, చందా వద్దు, ఒక నోటు పుస్తకం చాలు. ఒక నెల మీ దగ్గర, ఒక నెల కొట్టు వెనక గదిలో, ఒక నెల కుట్టు మిషన్ల మధ్య. అక్కడ అనుకున్నది ఏదైనా ఎవరి పాలకవర్గం వారు ఒప్పుకున్నాకే అమలు కావాలి. పుస్తకంలో రాత తమిళంలోనూ ఉండాలని నా సలహా. కుట్టు సంఘం సోదరీమణులు తమకు తెలియని లిపిలో రాసిన దానిమీద సంతకం పెట్టి వెళ్లే పరిస్థితి రాకూడదు. మీలో తమిళం చక్కగా రాయగలవాళ్లకు కొదవ ఉండదు, పెరంబూరు బళ్లలో చదివిన పిల్లలున్నారు.

ఆ ఆరుగురికి మొదటి పనిగా నేను డిసెంబరు వానలను ఇస్తాను. 2015 డిసెంబరు వరదలు, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను మీకు నేను గుర్తుచేయనక్కర్లేదు. పెరంబూరు, పుళియంతోపు వైపు నీళ్లు నిలిచిన రోజులవి. అలాంటప్పుడు ఏ ఇంట్లో మంచాన పడ్డ ముసలివాళ్లున్నారు, ఎవరిది కింది అంతస్తు, ఎవరు బాలింత అన్నది మీ సభ్యుల జాబితా పక్కన రాసుకుంటే ఎంతో ఉపయోగం. బియ్యం, అగ్గిపెట్టెలు, కొవ్వొత్తులు, పాలపొడి కొంత ఎత్తైన చోట ముందే సర్దడం కొట్టు పని. ఎండిన బట్టలు, దుప్పట్లు ఉంచడం కుట్టు సంఘం పని. ఖర్చెంతయిందో నోటు పుస్తకంలో రాసి, వానలు తగ్గాక ఎవరి వాటా వాళ్లు భరించవచ్చు. ఇది అక్టోబరులోపే కూర్చుని తేల్చుకోవలసిన పని. ఈశాన్య రుతుపవనం వచ్చాక సమావేశాలు జరగవు.

మీ తర్వాతి కమిటీ సమావేశానికి ముందు ఒకసారి మీ ప్రాంతపు డిప్యూటీ రిజిస్ట్రారు కార్యాలయానికి నిబంధనావళి నకలు పట్టుకుని వెళ్లండి. అడగవలసినవి ఇవి: మరో సంఘం దగ్గర ఉన్న బాకీ తీర్చడానికి సభ్యురాలికి అప్పు ఇవ్వడం మా నిబంధనావళిలో ఏ పద్దు కింద వస్తుంది, దానికి గరిష్ఠ పరిమితి ఎంత? అప్పు సొమ్మును సభ్యురాలి అంగీకారంతో నేరుగా కొట్టు పేరిట చెక్కుగా ఇవ్వవచ్చా? పొదుపు కట్టే రోజున మా ఆవరణలో కొట్టు తన రశీదు పుస్తకంతో ముందస్తు ఆర్డర్లు తీసుకోవడానికి అభ్యంతరం ఉందా? మూడింటికీ నోటిమాటగా కాకుండా రాతపూర్వకంగా జవాబు అడగండి, మీ అర్జీ మీద స్వీకరించినట్టు ముద్ర వేయించుకోండి. బావగారి దగ్గరికి వెళ్లేది ఆ తర్వాతే.